ఫికిల్ అనాలా, వోలటైల్ అనాలా? 'మారిపోయే' మాటల్లో ఏది ఎక్కడ వాడాలి

"నేను చేంజబుల్ మనిషిని" అని ఆ అమ్మాయి నీలం ఇంకుతో గుండ్రంగా, ముచ్చటగా రాసింది. ఉద్యోగ దరఖాస్తుతో జత చేయాల్సిన ఉత్తరం అది. విశాఖ ద్వారకానగర్‌లో నేను ఇంగ్లిష్ పాఠాలు చెప్పే గదికి దిద్దించుకోవడానికి తెచ్చింది.

"దీని అర్థం ఏంటమ్మా?" అని అడిగాను.

"ఎక్కడ వేసినా సర్దుకుంటాను మేడమ్. పుణె అయినా, చెన్నై అయినా, నైట్ షిఫ్ట్ అయినా సరే. డిక్షనరీలో 'మారగల' అనే ఉంది."

డిక్షనరీ తప్పు చెప్పలేదు. కానీ ఆ ఉత్తరం చదివే అధికారికి వేరే సంగతి వినిపిస్తుంది. ఈ పిల్ల ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది, నమ్మి పని అప్పజెప్పలేం అని. తన గొప్పగుణం చెప్పుకుందామనుకున్న వాక్యమే ఆమెకు అడ్డం తిరుగుతుంది. అదే కాగితంలో రెండు లైన్ల కింద వైజాగ్ వాతావరణాన్ని 'వోలటైల్' అంది. అది కూడా కుదరలేదు.

చేంజబుల్, వేరియబుల్, ఫికిల్, వోలటైల్, మర్క్యూరియల్, కప్రిషస్, మ్యూటబుల్, అడాప్టబుల్. తెలుగులో అర్థం వెతికితే అన్నిటికీ 'మారే', 'అస్థిరమైన', 'చంచలమైన' అనే కనిపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవడానికి తికమకపడే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

మాట వెతికే ముందు మీరు చెప్పదలచుకున్న విషయాన్ని ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించండి.

మొదటిది, మారుతున్నది ఏమిటి? మనసా, మూడా, ధరా, సంఖ్యా, పదార్థమా?

రెండోది, ఆ మార్పు ముందే తెలుస్తుందా? ఆర్కే బీచ్‌లో మధ్యాహ్నం గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వస్తుంది, రాత్రి ఒడ్డు నుంచి సముద్రం మీదికి పోతుంది. రోజూ దిక్కు మారుతుంది, కానీ ఎప్పుడు మారుతుందో జాలరిపేటలో పదేళ్ల పిల్లాడు కూడా చెప్పగలడు. అలాంటి మార్పుకు ఒక మాట, హఠాత్తుగా వచ్చే మార్పుకు ఇంకో మాట.

మూడోది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ మార్పును మీరు తప్పు పడుతున్నారా, మెచ్చుకుంటున్నారా, ఊరికే చెబుతున్నారా? ఇంగ్లిష్‌లో ఈ మాటలు చాలావరకు తీర్పును కడుపులో పెట్టుకునే ఉంటాయి. మనం అనుకోకపోయినా ఆ తీర్పు ఎదుటివాళ్లకు చేరుతుంది. ఆ అమ్మాయి ఉత్తరంలో జరిగింది అదే.

| మాట | ఏం మారుతుంది | ముందే తెలుస్తుందా | నింద ఉందా | దగ్గరి తెలుగు |
|---|---|---|---|---|
| చేంజబుల్ | వాతావరణం, మూడ్ | కొంత | మనిషికి వాడితే కొంచెం ఉంది | మారుతూ ఉండే |
| వేరియబుల్ | అంకె, పరిమాణం, గాలి | చాలాసార్లు | లేదు | హెచ్చుతగ్గులుండే. లెక్కల్లో చలరాశి |
| ఫికిల్ | ఇష్టం, అభిమానం, మాట | తెలియదు | బాగా ఉంది | చపలమైన, నిలకడ లేని |
| వోలటైల్ | ధర, పరిస్థితి, కోపం, ద్రవం | తెలియదు | ప్రమాదం ఉందనే హెచ్చరిక | భగ్గుమనే. ఇట్టే ఆవిరయ్యే |
| మర్క్యూరియల్ | మనిషి మూడ్ | తెలియదు | సగం నింద, సగం మెప్పు | క్షణానికో తీరు |
| కప్రిషస్ | నిర్ణయం, పెత్తనం | తెలియదు | గట్టిగా ఉంది | ఇష్టారాజ్యంగా |
| మ్యూటబుల్ | డేటా, రూపం | మార్చేది మనమే | లేదు | మార్చడానికి వీలున్న |
| అడాప్టబుల్ | మనిషి పద్ధతి | అవసరాన్ని బట్టి | లేదు, మెప్పే | సర్దుకుపోయే |

పట్టిక దారి చూపిస్తుందంతే. అసలు చిక్కులు వాడేటప్పుడు వస్తాయి.

ఫికిల్: మనసు నిలవనప్పుడు

ఈ గుంపులో మనవాళ్లు ఎక్కువగా వాడేది, ఎక్కువగా తప్పు వాడేది కూడా ఇదే. పాత ఇంగ్లిష్‌లో దీని మూలరూపానికి మోసపూరితమైన, కపటమైన అని అర్థం. కాలం గడిచేకొద్దీ మోసం పక్కకు పోయి నిలకడలేనితనం మిగిలింది. ఇవాళ ఒకరిని ఫికిల్ అంటే అబద్ధాలకోరు అనడం కాదు. ఆ పూటకి నిజంగానే ఇష్టపడ్డాడు, మర్నాటికి ఆ ఇష్టం లేదు, అంతే.

దీనికి నాకు తోచే మంచి ఉదాహరణ క్రికెట్ అభిమానం. 2005 ఏప్రిల్ 5న మన పీఎంపాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 కొట్టాడు. ఆ రోజు నుంచి దేశమంతా నెత్తిన పెట్టుకుంది. రెండేళ్లు తిరక్కుండానే, 2007 మార్చిలో వన్డే ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ మీద ఓడిపోగానే, రాంచీలో ఆయన కట్టుకుంటున్న ఇంటి మీద దాడి చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో టీ20 కప్పు తెస్తే మళ్లీ పూలు చల్లారు. ఆ అభిమానాన్ని ఇంగ్లిష్‌లో 'ఫికిల్' అంటారు. 'వేరియబుల్ ఫ్యాన్స్' అంటే ఎవరికీ అర్థం కాదు, 'వోలటైల్ ఫ్యాన్స్' అంటే గొడవకు దిగేవాళ్లని అర్థం వస్తుంది. రాళ్లు వేసిన ఆ ఒక్క రోజు వాళ్లు వోలటైల్. మూడేళ్ల కథ మొత్తం చూస్తే ఫికిల్.

తెలుగు నుంచి అనువదించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మనకు ఈ దారిలో బోలెడు నుడికారాలున్నాయి. క్లాసులో ఏది ఇచ్చినా పిల్లలు 'ఫికిల్' అనే రాస్తారు.

'గోడ మీద పిల్లి' ఫికిల్ కాదు. ఆ పిల్లి మనసు మార్చుకోవడం లేదు, ఎటు లాభమో చూసి దూకుదామని కాచుకుని ఉంది. 'ఊసరవెల్లి' కూడా కాదు. రంగు మార్చేవాడు తెలిసే మారుస్తాడు, అందులో ఎత్తుగడ ఉంది. 'గాలివాటం మనిషి' కొంత దగ్గరికి వస్తాడు. కానీ అతన్ని మార్చేది బయటి గాలి. ఫికిల్ మనిషికి బయటి గాలితో పని లేదు, తనంతట తనే మారిపోతాడు. సరిగ్గా అతికేది 'పూటకో మాట' మనిషి. పొద్దున పెళ్లిచూపులకు సరే అని, సాయంత్రం వద్దని, రాత్రి మళ్లీ ఫోన్ నంబరు అడిగే మనిషి ఉంటాడే, అతను.

లక్ష్మిని మనం 'చంచల' అంటాం కదా. అక్కడ ఫికిల్ చక్కగా సరిపోతుంది. ఇంగ్లిష్‌వాళ్లు కూడా అదృష్టాన్ని ఆడమనిషిగా ఊహించి ఇదే మాట అంటారు.

ఇంకో చిన్న సంగతి. మన దగ్గర 'ఫికిల్ మైండెడ్' అనడం బాగా అలవాటు. తప్పని కొట్టేయను కానీ, 'ఫికిల్' అంటేనే మనసు అందులో ఉంది. పరీక్షలోనో, విదేశీ కంపెనీకి రాసే మెయిల్‌లోనో ఆ తోక తీసేయండి.

వోలటైల్: ఎగిరిపోయేది, భగ్గుమనేది

లాటిన్‌లో 'ఎగరడం' అనే క్రియ నుంచి వచ్చిన మాట. మొదట రెక్కలున్న వాటికి వాడారు, తర్వాత గాల్లోకి ఎగిరిపోయే ద్రవాలకు. మూత తీసి పెట్టిన పెట్రోలు, గోళ్ల రంగు తుడిచే అసిటోన్, హారతి కర్పూరం ఆ జాతివే. కర్పూరం గడ్డకట్టిన పదార్థమైనా డబ్బాలో ఉండగానే అరిగిపోవడం అందరం చూసిందే.

మన ఊళ్లో ఈ మాటను తేలిగ్గా చెప్పి దాటిపోవడం నాకు చేతకాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెంకటాపురం మీదికి వచ్చింది, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి. రసాయన శాస్త్రం దాన్ని 'వోలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్' అంటుంది. అది మరిగేది 145 డిగ్రీల దగ్గర. అయినా ఆవిరి కావడానికి అంత వేడి అక్కర్లేదు, మామూలు ఎండకే అవుతూ ఉంటుంది. ట్యాంకులో వేడి పెరిగి రసాయన చర్య మొదలయ్యాక ఆ ఆవిరి బయటపడింది. నిద్రలో ఉన్న మనుషులు లేచి పరుగెత్తి రోడ్ల మీద పడిపోయారు. వోలటైల్ అనే మాటలో 'ప్రమాదం' ఎందుకు దాగి ఉందో విశాఖవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇప్పటిదాకా నిశ్చలంగా కనిపించింది, మరుక్షణం చేతిలో ఉండదు. మిగతా అర్థాలన్నీ దీని మీద నుంచే పుట్టాయి.

పత్రికల్లో 'పరిస్థితి వోలటైల్‌గా ఉంది' అంటే మనం ఉద్రిక్తం అనే చోటు. వోలటైల్ మనిషి అంటే ముక్కు మీద కోపం ఉన్నవాడు. ఇష్టాయిష్టాలు మార్చేవాడు కాదు, అది ఫికిల్. ఇద్దరినీ కలిపేస్తే అన్యాయం అవుతుంది. ముప్పై ఏళ్లు ఒకే భార్యను, ఒకే పార్టీని, ఒకే టిఫిన్ సెంటర్‌ను పట్టుకుని ఉన్న మనిషి కూడా వోలటైల్ కావచ్చు.

ధరల సంగతికి వస్తే, ఎంవీపీ కాలనీ రైతుబజారులో పొద్దున్నే బోర్డు మీద నిన్నటి ధర తుడిచి ఇవాళ్టిది రాస్తారు. తడిగుడ్డతో తుడిచినా నిన్నటి 28 నీడలా కనబడుతూనే ఉంటుంది, దాని మీదే 30 వేస్తారు. రెండు రూపాయలు అటూ ఇటూ అయ్యే ఆ ధర 'వేరియబుల్'. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి, రైతుబజార్లలో రాయితీ మీద 50 రూపాయలకు అమ్మితే జనం వరసలు కట్టారు. తర్వాత రెండు నెలలకే ధర దబ్బున పడింది. దాన్ని 'వోలటైల్' అంటారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మార్కెట్ వోలటైల్ అంటే పడిపోతోందని అనుకుంటారు. పెరగడమైనా తగ్గడమైనా, వేగంగా, పెద్దగా, చెప్పకుండా జరిగితే వోలటైల్. నెల రోజులు మెల్లగా, వరసగా పడిన షేరు పడిపోయినట్టే గానీ వోలటైల్ కాదు. ఇండియా విక్స్ అనే సూచీ కొలిచేది కూడా రాబోయే 30 రోజుల్లో నిఫ్టీ షేర్ల సూచీ ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో, అంతే. ఎటువైపు ఊగుతుందో అది చెప్పదు.

పలకడం రెండు రకాలు. బ్రిటిష్‌వాళ్లు 'వోలటైల్' అంటారు, అమెరికన్లు చివర కుదించి 'వాలటిల్' అంటారు. రెండూ ఒప్పే. కాల్ సెంటర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు రెండోది చెవికి అలవాటు చేసుకోవాలి.

వేరియబుల్, చేంజబుల్: ఎవరినీ ఏమీ అననివి

మన తీరం వెంబడి సముద్ర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి సాగుతుంది. ఏడాదిలో పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని ఫికిల్ అంటే సముద్రాన్ని నిందించినట్టే. అది లెక్క తప్పడం లేదు. వేరియబుల్ అనొచ్చు, సీజనల్ అంటే ఇంకా నయం. వాతావరణ శాఖ వాళ్లు గాలి దిక్కు నిలకడగా లేనప్పుడు 'వేరియబుల్' అనే అంటారు. జీతంలో పనితీరును బట్టి వచ్చే భాగం 'వేరియబుల్ పే'. ఇందులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

చేంజబుల్ వాతావరణానికి బాగా అతుకుతుంది. పొద్దున ఎండ, పదకొండుకి మబ్బు, కైలాసగిరి ఎక్కేసరికి జల్లు, దిగేసరికి మళ్లీ ఎండ. ఆ అమ్మాయి రాయాల్సింది ఇది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ లాంటి రోజుకు మాత్రం ఇది చాలదు. తుపానును 'చేంజబుల్ వెదర్' అంటే దాన్ని దాటివచ్చిన వాళ్లకు మనసు నొచ్చుకుంటుంది. మనుషులకు ఈ మాట వాడకపోవడమే మేలు. స్పెల్లింగ్‌లో 'జీ' తర్వాతి 'ఈ' అక్షరం తీయకండి, తీస్తే 'జ' కాస్తా 'గ' అవుతుంది.

మర్క్యూరియల్: పాదరసం దగ్గర జారిపడే చోటు

మర్క్యురీ అంటే పాదరసం, బుధగ్రహం, రోమన్ల దూత దేవుడు కూడా. 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టేసే గ్రహం, మామూలు వేడిలో కూడా ద్రవంగా ఉండే లోహం. మూడింటిలోనూ ఉన్నది చురుకుదనం.

మనం 'కుర్రాడు పాదరసం' అంటే ఎంత మురిసిపోతాం! చెప్పింది ఇట్టే పట్టేస్తాడు, చకచకా పని చేస్తాడు అని. ఆ మురిపెంతోనే సిఫారసు లేఖలో 'మర్క్యూరియల్' అని రాస్తే కుర్రాడికి నష్టం. ఇంగ్లిష్‌లో మొదట వినిపించేది నిమిషానికోసారి మూడ్ మారే మనిషి అని. తెలివి, కళ, ఆకర్షణ కూడా కాస్త వినిపిస్తాయి కాబట్టి గొప్ప నటులకు, గాయకులకు విమర్శకులు వాడుతుంటారు. ఆఫీసు ఉత్తరాలకు ఇది పనికిరాదు. మన పాదరసం కుర్రాడికి 'క్విక్', 'షార్ప్' చాలు.

కప్రిషస్: చేతిలో అధికారం ఉన్నప్పుడు

ఫికిల్ మనిషి మారితే బాధపడేది స్నేహితులు. కప్రిషస్ మనిషి మారితే అతని కింద ఉన్నవాళ్లందరికీ కష్టం. ఒక ఆఫీసులో నా సర్టిఫికెట్ జిరాక్స్ సోమవారం చాలన్నారు, బుధవారం ఒరిజినల్ తెమ్మన్నారు, శుక్రవారం రెండూ వద్దు కొత్త ఫారం నింపమన్నారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. కారణం చెప్పకుండా ఇష్టమొచ్చినట్టు నడపడం, అదీ కప్రిషస్.

1974లో రోయప్ప కేసులో సుప్రీంకోర్టు సమానత్వం, ఇష్టారాజ్యం ఒకదానికొకటి బద్ధశత్రువులని చెప్పింది. ఇష్టారాజ్యం నిరంకుశ రాజు 'కప్రీస్'కు (కప్రిషస్‌కు నామవాచకం) చెందిన సంగతి అంది. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివేవాళ్లు 14వ అధికరణం గురించి రాసేటప్పుడు ఈ మాట దగ్గర పెట్టుకోండి. నొక్కి పలకాల్సింది మధ్యలోని 'ప్రి'ని.

మ్యూటబుల్: కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు

మామూలు మాటల్లో ఇది దాదాపు వినిపించదు. రుషికొండ ఐటీ కొండ మీద మాత్రం రోజూ వినిపిస్తుంది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో లిస్టు మ్యూటబుల్, అంటే తయారయ్యాక కూడా లోపలి విలువలు మార్చుకోవచ్చు. టపుల్, స్ట్రింగ్ అలా కాదు. ఇంటర్వ్యూలో 'టపుల్ వోలటైల్ కాదు' అని ఒక అబ్బాయి చెప్పాడట. 'మ్యూటబుల్ కాదు' అనాల్సింది. వోలటైల్‌కు కంప్యూటర్లలో వేరే పని ఉంది. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది ఎగిరిపోతుంది కాబట్టి దాన్ని వోలటైల్ మెమరీ అంటారు. సీ భాషలో ఆ పేరుతో ఉన్న కీవర్డు, ఈ విలువ బయటి నుంచి ఎప్పుడైనా మారొచ్చని కంపైలర్‌కు చెబుతుంది.

మెచ్చుకోవాలంటే

ఫ్లెక్సిబుల్, అడాప్టబుల్, వెర్సటైల్. మూడూ మంచి మాటలే, ఒకటి కాదు. సమయాల విషయంలో పట్టుబట్టని మనిషి ఫ్లెక్సిబుల్. కొత్త ఊరు, కొత్త బాసు, కొత్త పద్ధతి వస్తే తనను తాను మలచుకునే మనిషి అడాప్టబుల్. కోడ్ రాసి, క్లయింటుతో మాట్లాడి, పక్క టీమ్ లెక్కలు కూడా చూడగల మనిషి వెర్సటైల్. ఒకప్పుడు వెర్సటైల్‌కు కూడా నిలకడలేని అనే అర్థం ఉండేది. ఇప్పుడు లేదు, నిశ్చింతగా వాడొచ్చు.

మీ అవసరాన్ని బట్టి

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లలో బరువైన మాట పడితే మార్కులొస్తాయని ఒక నమ్మకం ఉంది. రైటింగ్‌లో పదసంపదకు నాలుగో వంతు బరువు ఉన్న మాట నిజమే. కానీ చూసేది మాట సరిగ్గా అతికిందా అనే. మర్క్యూరియల్‌ను తప్పు చోట పెట్టడం కన్నా చేంజబుల్‌ను సరైన చోట పెట్టినవాళ్లకే మేలు. మీరు నేర్చుకోవాల్సినవి మూడే అయితే ఫికిల్, వోలటైల్, అడాప్టబుల్ నేర్చుకోండి. నామవాచకాలు కూడా, ముఖ్యంగా వోలటిలిటీ.

కామర్స్ వాళ్లకు వేరియబుల్, వోలటైల్ మధ్య తేడా ఒక్కటి తెలిస్తే సగం పని అయినట్టే. వేరియబుల్ కాస్ట్ అంటే ఉత్పత్తిని బట్టి మారే ఖర్చు. దాన్ని వోలటైల్ కాస్ట్ అంటే మీ లెక్క మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

విదేశాలకు వెళ్లే నర్సులు బీపీ గురించి రాసేటప్పుడు 'లేబైల్' అనే మాట కేస్‌షీట్లలో చూస్తారు. తరచూ ఎక్కుతూ దిగుతూ ఉండే బీపీ అని. అక్కడ ఫికిల్ రాయకండి.

ఇక ఇంట్లోవాళ్ల గురించి, స్నేహితుల గురించి ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే నా సలహా ఒకటే. పెద్దాయన కోపాన్ని, చెల్లెలి ఊగిసలాటను వర్ణించడానికి వోలటైల్, ఫికిల్ వెతకడం మానేసి, ఏం జరిగిందో చెప్పండి. 'చెల్లి మూడుసార్లు కాలేజీ మార్చింది' అంటే విషయం తెలుస్తుంది. ఫికిల్ అంటే ఆమె మీద ముద్ర పడుతుంది. చివరి కాలేజీలో ఆమెకు నచ్చిన కోర్సు దొరికి ఉండొచ్చు.

ఆ అమ్మాయి ఉత్తరం సంగతి. అడాప్టబుల్ అని దిద్ది ఇచ్చేయొచ్చు, కానీ అడిగాను: "సర్దుకుంటావని వాళ్లు ఎలా నమ్మాలమ్మా?" కాసేపు ఆలోచించింది. వాళ్ల నాన్నది బదిలీల ఉద్యోగం. పదో తరగతిలోపు నాలుగు ఊళ్లలో చదివింది, ఒక ఊళ్లో ఒడియా కూడా నేర్చుకుంది. "అది రాయి" అన్నాను. రాసింది. ఆ వాక్యం పక్కన అడాప్టబుల్ పెట్టాలా వద్దా అని ఇద్దరం చూసుకున్నాం. చివరికి పెట్టలేదు.